బ్రెజిల్‌లో జంతువులు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? అమెజాన్, పాంటనాల్, సెరాడో, అట్లాంటిక్ అడవి

బ్రెజిల్ కరెన్సీ నోట్లు తిప్పి చూస్తే ప్రతి నోటు వెనకా ఒక జీవి ఉంటుంది. 10 రియల్ నోటు మీద మకావ్ చిలుక, 20 మీద బంగారు రంగు తామరిన్ కోతి, 50 మీద జాగ్వార్, 2020లో వచ్చిన 200 నోటు మీద పొడుగు కాళ్ల తోడేలు. నాలుగు నోట్లూ ఒకే పర్సులో ఉంటాయి గానీ ఆ నాలుగు జంతువులూ ఒకే చోట కనిపించవు. జాగ్వార్ సులువుగా కనిపించే చోట తామరిన్ అసలు ఉండదు. తామరిన్ ఉండే అడవిలో పొడుగు కాళ్ల తోడేలు కోసం వెతకడం దండగ. మన దేశానికి రెండున్నర రెట్లు పెద్దదైన దేశం అది. పది పన్నెండు రోజుల సెలవులో అన్నీ చుట్టేద్దామంటే సగం రోజులు విమానాశ్రయాల్లోనే అయిపోతాయి. ఏదో ఒకటి, మహా అయితే రెండు ఎంచుకోవాలి.

"అమెజాన్‌కి వెళ్దామనుకుంటున్నాం" అని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఇదే: "మీకు అడవి చూడాలనుందా, జంతువులు చూడాలనుందా?" ఈ తేడా మొదటిసారి వెళ్లినప్పుడు నాకూ తెలియదు. అమెజాన్‌లోని మనౌస్ నగరం దగ్గర ఒక లాడ్జిలో నాలుగు రోజులకు డబ్బు కట్టాం. ట్రిప్ అమ్మినవాళ్లు జాగ్వార్ కనిపించడం ఖాయమన్నారు. నాలుగు రోజుల్లో మేం చూసింది ఆకుల సందులో, చెట్లకు వేలాడుతూ బద్ధకంగా కదిలే స్లాత్ వీపు, నల్లటి నీళ్లలో గులాబీ డాల్ఫిన్ ఒక్క క్షణం తేలి మునగడం, ఎక్కడో పైన కొమ్మల్లో కదిలిన కోతుల నీడలు. అడవి మాత్రం మాటల్లో చెప్పలేనంత గొప్పగా ఉంది. మూడో రోజు సాయంత్రం పడవలో మా అబ్బాయి నెమ్మదిగా అడిగాడు, "నాన్నా, జంతువులెక్కడ?" అని. రెండేళ్ల తర్వాత వాణ్ని పాంటనాల్ చిత్తడి నేలలకు తీసుకెళ్తే మొదటి గంటలోనే మొసళ్లు లెక్కపెట్టడం మానేశాడు. అన్ని ఉన్నాయి మరి.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం చూపు ఎంత దూరం ఆనుతుందన్నది. దీన్ని చాలామంది పట్టించుకోరు. "ఎన్ని రకాల జీవులున్నాయి" అనే లెక్క చూస్తే అమెజాన్‌ను కొట్టేది లేదు. కానీ ఆ జీవుల్లో ఎక్కువ భాగం మన తల మీద ముప్పై నలభై మీటర్ల ఎత్తున, ఆకుల వెనక బతుకుతాయి. గడ్డి మైదానంలో, చిత్తడి నేలలో రకాలు తక్కువైనా, ఉన్నవి కళ్లముందే తిరుగుతాయి. శేషాచలం అడవిలో గంటలు నడిచినా ఏమీ కనబడకపోవడం, నేలపట్టు చెరువు గట్టున నిలబడితే వందల కొంగలు ఒక్కసారే కనబడటం గుర్తు తెచ్చుకోండి. అదే లెక్క.

రెండోది, మనసులో ఉన్న జంతువు ఏది. ఇంటిల్లిపాదీ కూర్చుని తలా ఒక పేరు చెప్పండి. జాగ్వార్ అంటే ఒక దారి, కోతులంటే మరో దారి.

మూడోది నెల. బ్రెజిల్‌లో ఒకే చోటు జులైలో ఒకలా, ఫిబ్రవరిలో ఇంకోలా ఉంటుంది. మన పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, పాంటనాల్‌కి అవి అంత మంచి నెలలు కావు. దసరా సెలవులు బాగా కుదురుతాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకు జూన్, జులై, ఆగస్టు సెలవులు కాబట్టి వాళ్లకు ఈ బాధ లేదు.

ఆ తర్వాత ఒంటికి ఎంత శ్రమ, ఎంత డబ్బు అన్నవి. వీటిని ఒక్కో చోటు గురించి చెప్పేటప్పుడే చెబుతాను.

| | పాంటనాల్ | అమెజాన్ | సెరాడో | అట్లాంటిక్ అడవి |
|---|---|---|---|---|
| ముఖ్యంగా కనిపించేవి | జాగ్వార్, కైమన్ మొసళ్లు, కాపిబారా, పెద్ద నీటికుక్కలు, నీలం మకావ్‌లు | కోతులు, గులాబీ డాల్ఫిన్, స్లాత్, పక్షులు | పొడుగు కాళ్ల తోడేలు, పెద్ద యాంట్‌ఈటర్ (చీమలు తినే జంతువు) | బంగారు తామరిన్, మురికీ అనే జాతి కోతులు, టూకన్‌లు |
| చూపు | చాలా దూరం | చాలా తక్కువ | దూరం, కానీ జంతువులు పలచగా | తక్కువ, గైడ్ ఉంటే దగ్గరగా |
| మంచి నెలలు | జులై–అక్టోబర్ | మే–జులై పడవకు, ఆగస్టు–నవంబర్ నడకకు | మే–సెప్టెంబర్ | ఏప్రిల్–సెప్టెంబర్ |
| దిగాల్సిన ఊరు | కుయబా లేదా కాంపో గ్రాందె | మనౌస్ | బెలో హోరిజోంతె | రియో డి జనీరో |
| కనీసం రోజులు | 5 | 5 | 4 | 1–2 |
| ఖర్చు | అన్నిటికంటే ఎక్కువ | మధ్యస్థం నుంచి ఎక్కువ | తక్కువ | తక్కువ |

## పాంటనాల్: కళ్లారా చూడాలనుకునేవాళ్లకు

ప్రపంచంలోనే అతి పెద్ద ఉష్ణమండల చిత్తడి నేల ఇది. బ్రెజిల్ వైపు భాగమే సుమారు లక్షన్నర చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంత. అక్టోబర్ నుంచి మార్చి దాకా వానలు కురిసి పరాగ్వే నది, దాని ఉపనదులు పొంగి నేలంతా మునుగుతుంది. ఏప్రిల్ తర్వాత నీళ్లు మెల్లగా తీస్తాయి. ఆగస్టుకల్లా మడుగులు మాత్రమే మిగులుతాయి. చేపలు ఆ మడుగుల్లో ఇరుక్కుంటాయి, వాటి కోసం కొంగలు, మొసళ్లు, మొసళ్ల కోసం జాగ్వార్‌లు వస్తాయి. జంతువులన్నీ కాలువగట్ల మీద చేరడం వల్లే మనకు కనిపిస్తాయి.

ఉత్తర భాగానికి వెళ్లాలంటే సావో పాలో నుంచి కుయబాకు విమానం, అక్కడి నుంచి పొకోనె ఊరు దాటి ట్రాన్స్‌పాంటనైరా అనే మట్టి రోడ్డు ఎక్కాలి. దాదాపు 147 కిలోమీటర్ల రోడ్డు, దారిలో వందకు పైగా వంతెనలు. రోడ్డు పోర్తో జోఫ్రె దగ్గర నది ఒడ్డున ఆగిపోతుంది. ఈ దారిలో కారు గంటకు ముప్పై కిలోమీటర్లకు మించి పోనివ్వకండి. ప్రతి వంతెన కిందా చూడాల్సిందేదో ఉంటుంది. ఎర్రటి మెడపట్టీ పెట్టుకున్నట్టుండే జబీరు కొంగ మనిషి ఛాతీ ఎత్తున నిలబడి ఉంటుంది. కాపిబారాలు, అంటే యాభై అరవై కిలోల ఎలుకజాతి జంతువులు, మన ఊళ్లో గేదెల్లా రోడ్డుకు అడ్డంగా కూర్చుంటాయి.

పోర్తో జోఫ్రె నుంచి పొద్దున్నే పడవలో బయల్దేరతారు. నది అంచున ఊదారంగు పూలతో గుర్రపుడెక్క తేలుతుంటుంది. మన చెరువుల్ని పాడుచేసే గుర్రపుడెక్కే. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇక్కడ దాన్ని కాపిబారాలు మేస్తాయి, వరద ఎప్పటికప్పుడు తోసుకుపోతుంది, అందుకే నది నదిలాగే ఉంటుంది.

మేం జాగ్వార్‌ను చూసింది ఇక్కడే. పడవ నడిపేవాడు మోటారు ఆపేశాడు. ఒడ్డు మీద ఇసుక రంగులో కలిసిపోయి పడుకుని ఉంది, ముందు నాకు కనిపించనే లేదు. తోక కొస మాత్రం కదిలింది. తర్వాత లేచి, మా వైపు చూడకుండా, నీళ్లలోకి ఏ చప్పుడూ లేకుండా దిగింది. తల ఒక్కటే నీటిపైన, చెవులు వెనక్కి. అవతలి ఒడ్డున ఎండకు పడుకున్న కైమన్‌ల వైపు ఈదుకుంటూ పోయింది. ఆ రోజు వేట దొరకలేదు, ఒళ్లు దులుపుకుని గట్టెక్కి పొదల్లోకి వెళ్లిపోయింది. జాగ్వార్‌ను చిరుతపులి అని రాసేస్తుంటారు గానీ రెండూ వేరు. జాగ్వార్ మచ్చల వలయాల మధ్యలో చిన్న చుక్కలుంటాయి, తల పెద్దది, దవడ బలం ఎక్కువ. మొసలి పుర్రెను కొరికి చంపుతుంది. పాంటనాల్ మగ జాగ్వార్‌లు 100 కిలోలు దాటుతాయి. ఇక్కడి గైడ్లు ఆ మచ్చల్ని బట్టి ఒక్కోదాన్ని పేరుపెట్టి గుర్తుపడతారు.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. ఒక పడవకు జాగ్వార్ కనిపిస్తే రేడియోలో కబురు అందరికీ వెళ్తుంది. ఆగస్టులో ఒక్కోసారి పది, పదిహేను పడవలు చేరతాయి. ఏకాంతం కావాలనుకునేవాళ్లకు అది మనసు చివుక్కుమనిపిస్తుంది. బుక్ చేసేటప్పుడే "రద్దీ ఉన్నచోట ఎంతసేపు ఉంటారు, ఎంత దూరంలో ఆపుతారు" అని గైడ్‌ను అడగండి. జవాబు తడబడితే ఇంకొకర్ని చూసుకోండి.

దక్షిణ భాగం వేరే తరహా. కాంపో గ్రాందెలో దిగి మిరాందా వైపు 200 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లాలి. ఇక్కడ పశువుల ఫారాల్లోనే బస, ఓపెన్ జీపుల్లో తిరుగుడు. జాగ్వార్ కనిపించే అవకాశం ఉత్తరంతో పోలిస్తే తక్కువే, కానీ 2011లో జాగ్వార్‌ల కోసం మొదలైన ఓన్సాఫారి ప్రాజెక్టు పనిచేసే ఫారంలో ఆశ బాగానే పెట్టుకోవచ్చు. పెద్ద యాంట్‌ఈటర్, చిన్న తొండం లాంటి ముక్కుండే టేపిర్, నీలం మకావ్‌లు ఇక్కడ దండిగా ఉంటాయి. ముక్కు నుంచి తోక దాకా మీటరు పొడవుండే ఆ నీలం మకావ్ ప్రపంచంలో అతి పొడవైన చిలుక. దాని గూళ్లలో దాదాపు తొంభై శాతం మాందువి అనే ఒకే రకం చెట్టు తొర్రల్లో ఉంటాయి. ఆ చెట్టు విత్తనాల్ని దూరదూరాలకు చేర్చేది టూకన్ పక్షి. అదే టూకన్ మకావ్ గుడ్లనూ తినేస్తుంది! అది లేకపోతే కొత్త చెట్లు రావు, ఉంటే కొన్ని గుడ్లు పోతాయి. 1990 నుంచి నీవా గెదెస్ అనే శాస్త్రవేత్త ఈ చిలకల కోసం పనిచేస్తున్నారు. తొర్రలు చాలనిచోట చెక్కపెట్టెలు కట్టి వాటిని నిలబెట్టారు.

ఇక్కడ ప్రతి తెలుగువాడూ ఒకసారి ఆగి చూడాల్సింది మరొకటుంది. పాంటనాల్ నేలలో దాదాపు 95 శాతం ప్రైవేటు పశువుల ఫారాలదే. వాటిలో మేసేవి తెల్లటి ఒళ్లు, ఎత్తైన మూపురం ఉన్న ఆవులు. అక్కడివాళ్లు వాటిని "నెలోరె" అంటారు. మన నెల్లూరే. ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి అక్కడికి చేరాయి. 1960ల మొదట్లో వెళ్లి పెద్ద సంతతినిచ్చిన ఆబోతు పేరు కర్వాది, అంటే ఒంగోలు పక్కనున్న మన కరవది. ఆ దూడల్ని జాగ్వార్ ఎత్తుకుపోతుందనే ఫారాలవాళ్లు తరాల పాటు దాన్ని కాల్చి చంపారు. ఇప్పుడు లెక్క మారింది. 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఉత్తర పాంటనాల్‌లో జాగ్వార్ టూరిజం ఏటా సుమారు 68 లక్షల డాలర్లు తెస్తుంటే, అదే ప్రాంతంలో జాగ్వార్ వల్ల పోయే పశువుల విలువ 1.2 లక్షల డాలర్లు. మీరు కట్టే డబ్బు ఎక్కువే, కానీ అది ఆ జంతువు బతకడానికి పనికొస్తోంది.

మంటల సంగతి కూడా తెలిసి వెళ్లండి. 2020లో పాంటనాల్‌లో నాలుగో వంతుకు పైగా కాలిపోయింది, 2024లో మళ్లీ పెద్ద మంటలొచ్చాయి. ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య చెలరేగుతాయి. పిల్లల్లో ఎవరికైనా ఆయాసం ఉంటే జులై ఎంచుకోండి. జులైలో దక్షిణం నుంచి చలిగాలులు వచ్చి ఒక్కరోజులో ఉష్ణోగ్రత పది పన్నెండు డిగ్రీలకు పడిపోతుంది, పొద్దున పడవలో వణుకుతారు. స్వెట్టర్ మరవొద్దు.

## అమెజాన్: వినడానికి, ఓపిగ్గా ఉండటానికి

పైన చెప్పింది చదివి అమెజాన్ వద్దంటున్నానని అనుకోకండి. దేనికోసం వెళ్తున్నారో తెలిసి వెళ్లమంటున్నాను. ఉదయం నాలుగున్నరకు హౌలర్ కోతుల అరుపు మొదలవుతుంది. దూరంగా తుఫాను వస్తున్నట్టుంటుంది, కోతులని చెబితే తప్ప నమ్మలేం. పగలు ఎక్కడ నడిచినా ఈల వేసినట్టు పిహా పక్షి కూత వెంటాడుతుంది, పక్షి మాత్రం కనబడదు. ఇక్కడ చెవులకు పని ఎక్కువ.

అమెజాన్‌లో కూడా మూడు రకాల ఎంపికలున్నాయి.

మనౌస్ చుట్టుపక్కల రియో నెగ్రో నది మీద లాడ్జిలు అందరికీ తెలిసినవి. టీ డికాక్షన్ రంగులో ఉండే ఆ నీళ్లు ఆమ్లగుణం కలవి, దోమల పిల్లలు బతకడం కష్టం. కాబట్టి దోమలంటే భయపడేవాళ్లకు, చిన్నపిల్లలున్నవాళ్లకు ఇది నయం. నోవో ఐరావ్ దగ్గర అనవిల్యానస్ ద్వీపాలు, గులాబీ డాల్ఫిన్‌లు చూడొచ్చు. డబ్బు తక్కువుంటే మనౌస్ ఊరి చివర ముసా అనే అడవి మ్యూజియంలో 42 మీటర్ల టవర్ ఉంది. తెల్లవారుజామున ఆ మెట్లెక్కితే చెట్ల తలలు మన కాళ్ల కింద ఉంటాయి. అమెజాన్‌లో నాలుగు రోజుల్లో కనబడని పక్షులు ఆ టవర్ మీద రెండు గంటల్లో కనబడవచ్చు. ముఖం నల్లగా, భుజాలు తెల్లగా ఉండే ఒక చిన్న తామరిన్ జాతి మనౌస్ పరిసరాల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. నగరం పెరిగేకొద్దీ దానికి చోటు తగ్గిపోతోంది.

రెండోది మమిరావా రిజర్వు. మనౌస్ నుంచి తెఫెకు విమానం, తర్వాత పడవ. నా ఓటు దీనికే. నీటి మట్టం ఏడాదిలో పది పన్నెండు మీటర్లు ఎక్కి దిగే అడవి ఇది. మే, జూన్ నెలల్లో వెళ్తే నీళ్లే మన పడవను కొమ్మల దాకా ఎత్తుతాయి. మెడ నొప్పెట్టేలా పైకి చూడాల్సిన కోతులు ఎదురుగా ఉంటాయి. బట్టతల, కుంకుమ పూసినట్టు ఎర్రటి ముఖం, తెల్లటి బొచ్చుతో ఉండే ఉకారీ కోతి ఇక్కడి ప్రత్యేకత. నేల మునిగిన నెలల్లో ఇక్కడి జాగ్వార్‌లు చెట్ల మీదే కాపురం చేస్తాయి. 2023 సెప్టెంబర్ చివర్లో ఇదే తెఫె సరస్సులో కరువుతో నీళ్లు కాగిపోయి, కొద్దిరోజుల్లోనే వందకు పైగా డాల్ఫిన్‌లు చనిపోయాయి. అప్పటి నుంచి సెప్టెంబర్, అక్టోబర్‌లలో వెళ్లేవాళ్లు నీటి మట్టం ఎలా ఉందో వారం ముందు లాడ్జిని అడిగి బయల్దేరడం మంచిది. నీళ్లు మరీ తగ్గితే పడవలే నడవవు.

మూడోది దక్షిణ అంచున ఆల్తా ఫ్లోరెస్తా దగ్గరి క్రిస్తలీనో. 50 మీటర్ల టవర్లు, అయిదారు వందల రకాల పక్షులు. పక్షుల కోసమే బైనాక్యులర్స్ కొనుక్కున్నవాళ్లు ఇది చూడాలి, మిగతావాళ్లకు అంత ఖర్చు అక్కర్లేదు.

## సెరాడో: ఎవరూ చెప్పని చోటు

గడ్డి, గిడసబారిన వంకర చెట్లు, ఎర్రమట్టి. మొదటిచూపులో మన రాయలసీమ మెట్టపొలాల్లా ఉంటుంది. బ్రెజిల్‌లో అయిదో వంతుకు పైగా విస్తరించిన ఈ మైదానంలో దాదాపు సగం ఇప్పటికే సోయా పొలాలుగా, పచ్చిక బీళ్లుగా మారిపోయింది. అమెజాన్ గురించి లోకమంతా మాట్లాడుతుంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నాకు ఆ బాధ ఉంది, అందుకే ఈ చోటు గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

బెలో హోరిజోంతె నుంచి 120 కిలోమీటర్ల దూరంలో కొండల మధ్య కరాసా అనే పాత క్రైస్తవ మఠం ఉంది. ఒకప్పుడు బడి, 1968లో అగ్నిప్రమాదంతో మూతపడింది. ఇప్పుడు యాత్రికులకు గదులిస్తారు. 1982 నుంచి అక్కడి ఫాదర్లు రోజూ రాత్రి చర్చి ముందరి అరుగు మీద పొడుగు కాళ్ల తోడేలు కోసం ఒక పళ్లెంలో తిండి పెడతారు. చీకటిపడ్డాక అతిథులంతా అరుగు మీద గోడ వారగా కూర్చుంటారు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఎనిమిదింటికి రావచ్చు, పదకొండింటికి రావచ్చు, రాకపోవచ్చు కూడా. మేం కూర్చున్న రాత్రి తొమ్మిది దాటాక రాతి మెట్ల మీద గోళ్ల చప్పుడు వినబడింది. ముందు పెద్ద చెవులు, తర్వాత నల్లటి మేజోళ్లు తొడిగినట్టుండే పొడుగు కాళ్లు. నడుము ఎత్తున్న నక్క లాంటి జంతువు, రాగి రంగు. పళ్లెం దగ్గరికొచ్చి, వెనక్కి తగ్గి, మళ్లీ వచ్చింది. నాలుగైదు గజాల దూరంలో అది నమిలే చప్పుడు కూడా వినిపించింది.

అడవి జంతువుకు ఇలా తిండి పెట్టడం తప్పంటారు కొందరు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ నలభై ఏళ్లుగా అవి వచ్చి తిని మళ్లీ కొండల్లోకే పోతున్నాయి, ఊరి మీద పడట్లేదు. కోళ్లు తింటుందని దీన్ని చంపే రైతుల పిల్లలు కూడా ఆ అరుగు మీద కూర్చుని చూసి వెళ్తారు. నేనైతే మళ్లీ వెళ్తాను.

తోడేలని పేరేగానీ అది తినేదాంట్లో దాదాపు సగం పళ్లూ కాయలే. అందులో ముఖ్యమైంది లోబెయిరా అనే కాయ, మన వంకాయ, వాకుడు కుటుంబానిది, పెద్ద పచ్చి టమాటాలా ఉంటుంది. ఆ మొక్క పేరులోనే తోడేలుంది, పోర్చుగీసులో తోడేలును లోబో అంటారు.

యాంట్‌ఈటర్ కోసమైతే బెలో హోరిజోంతె నుంచి సుమారు 320 కిలోమీటర్లు పడమటికి సెర్రా ద కనాస్త్ర జాతీయ పార్కుకు వెళ్లండి. సావో ఫ్రాన్సిస్కో నది పుట్టే కొండ అది. పళ్లు లేని మూతి, అరవై సెంటీమీటర్ల నాలుక, చీపురుకట్టలాంటి తోక. ముందుకాళ్ల గోళ్లు నేలకు తగిలి అరిగిపోకుండా పిడికిలి ముడిచి నడుస్తుంది. దీనికి చూపు తక్కువ, వాసన పసిగట్టడం ఎక్కువ. గాలి దాని వైపు నుంచి మన వైపు వీస్తున్నప్పుడు కదలకుండా నిలబడితే పురుగులు ఏరుకుంటూ దగ్గరికే వచ్చేస్తుంది. తల్లి వీపు మీద పిల్లను ఎక్కించుకుంటే పిల్ల ఒంటి చార తల్లి ఒంటి చారతో సరిగ్గా కలిసిపోతుంది, బైనాక్యులర్స్‌తో చూస్తే గానీ రెండు తలలున్నాయని తెలియదు.

ఇక్కడ ఇబ్బందేమిటంటే దూరాలు. రోజంతా దుమ్ము రోడ్ల మీద తిరిగితే మూడు నాలుగు పెద్ద జంతువులు కనబడతాయి, అంతే. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు విసుగొస్తుంది. సొంతంగా కారు నడపాలనుకుంటే చీకటి పడకముందే ఆపేయండి. యాంట్‌ఈటర్లు, తోడేళ్లు ఎక్కువగా చచ్చిపోతున్నది రాత్రిపూట కార్ల కిందే.

## అట్లాంటిక్ అడవి: రియో పక్కనే

ఒకప్పుడు తీరమంతా పరుచుకున్న ఈ అడవిలో ఇప్పుడు మిగిలింది ఎనిమిదో వంతు మాత్రమే. ఎలాగూ రియో చూడటానికి వెళ్తున్నాం, ఒకటి రెండు రోజులే చేతిలో ఉన్నాయి అనేవాళ్లు ఇక్కడికే రావాలి.

రియో నుంచి సుమారు 100 కిలోమీటర్లలో సిల్వా జార్దిం. బంగారు తామరిన్ ఇల్లు ఇదే. అరకిలో పైచిలుకు బరువు, సింహం జూలులా ముఖం చుట్టూ బంగారు బొచ్చు. 1970ల మొదట్లో ఇవి సుమారు 200 మాత్రమే మిగిలాయి. 1974లో పోసో దాస్ అంతాస్ రిజర్వు పెట్టారు, 1984 నుంచి విదేశీ జూలలో పుట్టినవాటిని తెచ్చి వదిలారు, రైతులు తమ పొలాల మధ్య చెట్ల వరసలు పెంచి ముక్కలైన అడవిని కలిపారు. 2014కి 3,700 అయ్యాయి. ఆ తర్వాత ఎల్లో ఫీవర్ వచ్చి 2,500కి పడిపోయాయి. 2023 లెక్కలో 4,800. హైవే మీదుగా ఈ కోతులు దాటడానికి మట్టి పోసి చెట్లు నాటిన వంతెన కూడా కట్టారు. స్థానిక సంఘం గైడ్‌తో పొద్దున వెళ్తే చూడకుండా తిరిగి రావడం అరుదు. శ్రమ తక్కువ, ఖర్చు తక్కువ, రాత్రికి రియోలో ఉండొచ్చు.

ఇదే అట్లాంటిక్ అడవిలో, రియోకు చాలా దూరంగా ఉన్న ఇగ్వాసు జలపాతం దగ్గర కోవాటీలు (పొడుగు ముక్కు, చారల తోక ఉండే రకూన్ జాతి జంతువులు) గుంపులుగా తిరుగుతాయి. ముద్దొస్తున్నాయని చేతిలో బిస్కెట్ పెట్టుకుని దగ్గరికి పోకండి, గోళ్లతో గీరి లాక్కుంటాయి.

## ఎవరికి ఏది

మొదటిసారి వెళ్తూ, మళ్లీ వెళ్తామో లేదో తెలియనివాళ్లకు ఉత్తర పాంటనాల్. దీని మీద నాకు రెండో మాట లేదు. పోర్తో జోఫ్రెలో మూడు పూర్తి రోజులు పడవలో ఉండేలా చూసుకోండి, ఒక్కరోజు మాత్రమే పెట్టుకుని వానో చలిగాలో వస్తే ఎంతో బాధపడతారు.

అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే దక్షిణ పాంటనాల్ ఫారం బస. గది దగ్గరికే జీపు వస్తుంది, మెట్లెక్కే పని లేదు, గుమ్మం ముందే మకావ్‌లు వాలతాయి. ఒంగోలు ఆవుల సంగతి చెబితే మా నాన్నలా వాళ్లూ జాగ్వార్‌ను మరచి ఆవుల దగ్గరే నిలబడిపోతారేమో.

డబ్బు లెక్క చూసుకునే కుర్రాళ్లకు కరాసా, కనాస్త్ర, చివర రియో దగ్గర తామరిన్. ఈ మూడూ కలిపితే పాంటనాల్ పడవల ఖర్చులో చాలావరకు మిగులుతుంది, నోట్ల మీది జంతువుల్లో రెండు పట్టేసినట్టే. ఒకసారి పాంటనాల్ చూసొచ్చినవాళ్లకు మమిరావా. ఆత్రం తీరాక వెళ్తేనే ఆ అడవి బాగా వినబడుతుంది.

పాంటనాల్, అమెజాన్ రెండూ అయిదేసి రోజుల్లో కలిపేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. నెలలు చూసుకోండి: అమెజాన్‌లో పడవలో తిరగాలనుకుంటే జులై ఒక్కటే రెండిటికీ సరిపోతుంది.

## తిండి, టీకా

శాకాహారులు భయపడక్కర్లేదు, కానీ ముందే చెప్పాలి. ప్రతి పూటా అన్నం, చిక్కుడుగింజల పులుసు లాంటి ఫెయిజావ్, కర్రపెండలం పిండి ఉంటాయి. కర్రపెండలం పిండితో, చీజ్‌తో చేసే పావ్ జి కేజు ఉండలు పిల్లలకు బాగా నచ్చుతాయి. ఫెయిజావ్‌లో చాలాచోట్ల పంది మాంసం ముక్కలు వేస్తారు. "సెం కార్ని" అంటే మాంసం వద్దని, కానీ వాళ్ల లెక్కలో కోడి, చేప మాంసం కిందికి రావు. "సెం కార్ని, సెం ఫ్రాంగో, సెం పేషి" అని మూడూ చెప్పండి. ఒక చిన్న ఆవకాయ సీసా ఉంటే అయిదు రోజులూ టెన్షన్ లేదు.

భారతీయ పాస్‌పోర్టుకు వీసా కావాలి. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కూడా 2025 ఏప్రిల్ నుంచి ఈ-వీసా తప్పనిసరి అయింది.

ఎల్లో ఫీవర్ టీకా మాత్రం మరవకూడదు. తామరిన్‌లలో దాదాపు మూడో వంతును పొట్టన పెట్టుకున్న జబ్బు అదే, ఇప్పుడు ఆ కోతుల్ని పట్టి వాటికీ టీకా వేసి వదులుతున్నారు. దోమల వల్ల వచ్చే ఈ జబ్బు కోతులే తెస్తున్నాయనుకుని జనం వాటిని కొట్టి చంపిన రోజులూ ఉన్నాయి. మన దేశంలో ఈ జబ్బు లేదు గనుక, బ్రెజిల్ నుంచి సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ముందుగా రోజు, సమయం కనుక్కుని వెళ్లండి. అరవై దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేయించుకోకూడదు. ఆ పసుపు పుస్తకం సూట్‌కేసులో పెట్టకండి, పాస్‌పోర్టుతో పాటు చేతి సంచిలోనే ఉంచుకోండి. దిగగానే అడిగేది అదే.